నాలుగో పాము

నేను ఏడ్చి బతికేదాన్ని. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. రాజుగారి పిరమిడ్ పక్కన పుట్టిన ఊరు మాది. ఇక్కడ ఒకడు ఇటుకలు మోస్తాడు, ఒకడు శవాల పేగులు తీస్తాడు, నేను ఏడుస్తాను. ముగ్గురికీ సాయంత్రానికి రొట్టె, బీరు వస్తాయి.

గొప్పింటి శవాన్ని పెట్టెలో పెట్టేటప్పుడు తల దగ్గర ఒకతె, కాళ్ళ దగ్గర ఒకతె నిలబడి ఏడవాలి. మమ్మల్ని గద్దలంటారు. ఒసిరిస్ దేవుడు చచ్చిపోయినప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరు గద్దలై అరుస్తూ ఆయన చుట్టూ తిరిగారు కదా, అందుకు. గద్దకి గొంతు ఒక్కటే ఉంటే చాలదు, కడుపు ఎప్పుడూ పండి ఉండకూడదు. బిడ్డను మోస్తున్న ఆడది శవపేటికలోకి వంగడం మహాపాపం. నాకు పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆ భయం లేకపోయింది. మా అత్త బతికున్నన్నాళ్ళూ నన్ను గొడ్రాలని నలుగురిలో ఆడిపోసుకునేది, నా ఏడుపుకు వచ్చిన బీరు తాగుతూనే ఆడిపోసుకునేది.

ఆ ఏడు వరద తీసి పొలాలు బయటపడ్డాక నాకు నెల తప్పింది. రెండోదీ తప్పింది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయన రెస్సెనెబ్‌కు తప్ప. ఆయన శవపేటికల మీద మంత్రాలు రాసే రాతగాడు. విని నా కడుపు మీద చెయ్యి వేసి, రంగు అంటుకుందేమోనని వెంటనే తీసేశాడు.

ఆయన గురించి ఇంకొక మాట చెప్పాలి. అప్పటికే ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. కళ్ళు పోయిన రాతగాడికి పని ఎవరిస్తారు? ఆయన అలవాటు మీద, చేతి తడుము మీద రాసేవాడు. నేను రంగులు నూరి ఇచ్చి, ఆయన రాశాక గీత తప్పిన చోట, రంగు పలచబడిన చోట సన్నకుంచెతో సరిచేసేదాన్ని. నాకు చదువు రాదు. మా అక్షరాలన్నీ బొమ్మలే కదా, ముందున్న బొమ్మను చూసి మళ్ళీ అలాగే దించడం మాత్రం వచ్చు.

అలాంటి రోజుల్లో రాజుగారి కూతురు మెరెత్‌నుబ్ పోయింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, మూడు రోజుల జ్వరం. శవాన్ని ఉప్పులో పెట్టారు. డెబ్బై రోజుల్లో పెట్టె తయారు కావాలని మా ఆయనకు కబురొచ్చింది. రాజుగారి ఆడబిడ్డకు రాయడం ఆయనకు అదే మొదలు. ఆనందం కన్నా భయమే ఎక్కువ పడ్డాడు. రాసినన్నాళ్ళూ సరిగ్గా తినలేదు.

అంత్యక్రియలకు ముందురోజు మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఎండుచేప, ఉల్లిపాయ నంజుకుని రొట్టె తింటున్నాం. పెట్టెను నాలుగు రోజుల క్రితమే సమాధి గదిలోకి దించేశారు. మంత్రాలు చదివే పూజారి నెహీ దాన్ని చూసి అంతా సరిగ్గా ఉందని ముద్ర కూడా వేశాడు. ఆ పూట నేను పనుల పెద్ద దగ్గరికి వెళ్ళి, నాకు నలతగా ఉంది, ఈసారి గద్దగా ఇంకెవరినైనా పెట్టుకోండి అని చెప్పి తప్పుకుందామనుకుంటున్నాను. మా ఆయన చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని, గోడకు చేరగిలబడ్డాడు.

"ముఖం దగ్గర మొదలెట్టి నడుము దాకా పైఅంచుకి రాసిన వరుస ఉంది చూడు, అందులో నాలుగు పాములొచ్చాయి. మెడలు తెంపేటప్పుడు నాకసలేమీ కనపళ్ళేదే. అంచనా మీద వదిలేశా. బానే తెగాయా?" అన్నాడు.

"తెంపడమేంటి?"

"మెడ దగ్గర ఖాళీ వదల్లా? రాజుగారి కూతుళ్ళ పెట్టెల్లో పాముని నిండుగా రాయకూడదే. మూత పడ్డాక లేచి కరుస్తుంది. పక్షులకి కాళ్ళు గియ్యకూడదని చెప్పా కదా నీకు, ఇదీ అంతే."

"పక్షుల సంగతి చెప్పావు. పాముల సంగతెప్పుడు చెప్పావు? పాముకి కాళ్ళెక్కడున్నాయయ్యా తియ్యడానికి?"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చేతిలో ఉల్లిపాయ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

"ఏమైందే?"

"అతికేశాను."

"ఏంటి అతికావు?"

"ఆ మెడలు. నాలుగూ. నీకు చూపు ఆనక గీత మధ్యలో వదిలేశావనుకున్నా. నెహీ చూస్తే నీ కళ్ళ సంగతి బయటపడుతుందని నీకు చెప్పకుండా కలిపేశా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు."

ఆయన ముఖం నా వైపే తిరిగి ఉంది, కానీ నన్ను చూడడం లేదు. గొంతు తగ్గించి, "బాగా నల్లగా కలిపావా?" అన్నాడు.

"నా పని నేనెప్పుడైనా సగం చేశానా?" అన్నాను, అని ఏడ్చాను. కూలి లేని ఏడుపు నేను ఏడవడం అరుదు.

తెలిస్తే ముక్కూ చెవులూ కోసి రాతి గనులకు తోలతారు. ఆ భయం ఒకటి. అది బతికున్నవాళ్ళ భయం, దాన్ని ఎలాగో ఓర్చుకోవచ్చు. అసలు భయం ఇంకొకటి. రేపు ఆ పిల్ల ఒంటి పక్కన నాలుగు పాములతో చీకట్లో ఒంటరిగా పడుకుంటుంది. మూత పడుతుంది, తలుపు మూస్తారు, రాళ్ళు పేరుస్తారు. కాటు తిన్న చచ్చినది లోపల ఊరుకోదు. అది బయటికి వస్తుంది. తన పెట్టెలో ఎవరి చెయ్యి తిరిగిందో దానికి తెలుసు. కోపంతో తిరిగే చచ్చిన ఆడది మొదట వెళ్ళేది కడుపుతో ఉన్నదాని ఇంటికే. పిల్ల లేకుండా పోయిన పందొమ్మిదేళ్ళది ఇంకెక్కడికి వెళ్తుంది? మా వీధిలో అలా పోయిన కడుపులు ఎన్నో నాకు తెలుసు, పేర్లు చెప్పను.

"నేను దిగుతా. ఏదో పెచ్చు ఊడిందని చెప్పి దిగుతా" అన్నాడు మా ఆయన.

"దిగి? పాముని తడిమి చూస్తావా, ఆ పిల్ల ముక్కుని తడిమి చూస్తావా? కూచో."

సమాధి గదిలోకి రేపు వెళ్ళేది మోసేవాళ్ళు, నెహీ, ఇద్దరు గద్దలు. పెట్టెలోకి వంగే హక్కున్నది గద్దలకే. నేను తప్పుకుంటే ఆ హక్కు పోతుంది. వెళ్తే కడుపుతో శవం మీదికి వంగాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెళ్ళడానికే నిశ్చయించుకున్నాను.

రెండో గద్ద హెతెపీ. నా కన్నా పదేళ్ళు పెద్దది, నోరు ఊరి చివరికి వినిపిస్తుంది. తల దగ్గర ఎప్పుడూ అదే నిలబడుతుంది, నేను కాళ్ళ దగ్గర. తెల్లవారి ఏటి గట్టున ఒళ్ళు గొరిగించుకుని స్నానం చేస్తుంటే మెల్లిగా అడిగాను.

"అక్కా, ఈసారి తల దగ్గర నేను నిలబడనా?"

"ఎందుకే? పదేళ్ళయ్యాక కాళ్ళ కంపు పడట్లేదా?"

"ఒక్కసారికి."

హెతెపీ నన్ను కిందికీ పైకీ చూసింది. గుడ్డ దగ్గరికి లాక్కున్నాను, ఆలస్యమైపోయింది.

"లావయ్యావే పిల్లా."

"తిండెక్కువైంది."

"మీ ఇంట్లోనా?" అంది. తర్వాత ఒళ్ళు రుద్దుకుంది. లేస్తూ, "నేనేం చూళ్ళేదు, ఏమీ అడగను. తల దగ్గరే నిలబడు. కానీ వంగేటప్పుడు దాని ఒంటికి నీ కడుపు తగలనీకు. తగిలితే అది నీతోపాటు ఇంటికొచ్చేస్తుంది" అంది.

నేను తలూపాను. చెకుముకి రాయి పెచ్చు ఒకటి, వేలి గోరంత, గుడ్డ మడతలో దోపుకున్నాను.

ఊరేగింపు సంగతి నాకు సరిగ్గా గుర్తులేదు. ఎద్దులు బండి లాగడం, నెత్తి మీద మట్టి పోసుకుంటూ మేం ఇద్దరం ముందు నడవడం, అంతే. ఎప్పుడూ గట్టిగా ఏడ్చే నేను ఆ రోజు ఏడవలేకపోయాను. హెతెపీ ఇద్దరి ఏడుపూ తనే ఏడ్చింది.

వాలుగా కిందికి పోయే దారి ఇరుకు. చివర చిన్న గది, రెండు దీపాలు, మధ్యలో పెట్టె. లోపల గాలి లేదు, బంక వాసన గొంతులో కూర్చుంది. మోసేవాళ్ళు ఆ పిల్లను లోపల పెట్టి బయటికి వెళ్ళారు. ఎడమవైపుకు తిప్పి, ముఖం పొద్దు పొడిచే దిక్కుకు ఉండేలా పడుకోబెట్టారు. బతికున్నప్పుడు ఒకసారి పండగలో దూరం నుంచి చూశాను, పల్చటి మనిషి, ఏదో తింటూ నవ్వుతోంది. ఇప్పుడు బంగారు పూత ముఖం. ఆ ముఖానికి జానెడు పైన నేను అతికిన మొదటి పాము.

నెహీ కాళ్ళ వైపు నిలబడి జమ్ముకాగితం చుట్ట కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. హెతెపీ రాగం అందుకుంది. నేనూ అందుకుని పెట్టెలోకి వంగాను. జుట్టు ముందుకు పడింది, చెయ్యి కనపడదు. రాయి పెచ్చు తీసి మొదటి దాని మెడ మీద గీకాను. చర్రుమని చప్పుడు వచ్చింది. చచ్చాననుకున్నాను. హెతెపీ ఏమనుకుందో ఏమో, గొంతు ఇంకా పెంచింది. రంగు పొడి రాలింది, చెక్క తెల్లగా బయటపడింది. ఒకటి తెగింది.

రెండోది మొదటి దాని పక్కనే. అదీ తెగింది. మూడోదానికి చెయ్యి బాగా చాచాల్సి వచ్చింది, పక్కటెముకలు పెట్టె అంచుకు నొక్కుకున్నాయి. చెమట కళ్ళలోకి కారుతోంది. ఏడుపు మధ్యలో నేను ఏం అంటున్నానో నాకే తెలియదు, తర్వాత హెతెపీ చెప్పింది, 'పోనీ తల్లీ, పోనీ తల్లీ' అంటున్నానట. మూడు తెగాయి.

తల ఎత్తేసరికి నెహీ నన్నే చూస్తున్నాడు. చదవడం ఆపలేదు, పెదవులు ఆడుతూనే ఉన్నాయి. ఆయన కళ్ళు నా చేతి మీది నల్లపొడి మీదికి, అక్కడి నుంచి తెల్లగా చెక్కు లేచిన మెడల మీదికి వెళ్ళాయి. సరిగ్గా ఉందని ముద్ర వేసింది ఆయనే. నాతోపాటు పోయే ముక్కు ఆయనది కూడా. గొంతు తడబడి, మళ్ళీ అందుకుని మరింత గట్టిగా చదివాడు.

నాలుగో పాము ఆ పిల్ల నడుము దగ్గరుంది. తల దగ్గర చోటు విడిచి పక్కకు రాకూడదు, నిలబడి అందుకోలేను. దాన్ని అందుకోవాలంటే రెండు మోకాళ్ళూ అంచు మీదికి ఎత్తి, ఒళ్ళంతా ఆమె మీద వాల్చాలి. కడుపు ఆమె నడుము మీద ఆనుతుంది. వేరే దారి లేదు. ఒక మోకాలు ఎత్తాను. చెయ్యి చాచాను. నా వేళ్ళకీ దానికీ మధ్య మూరెడు కూడా లేదు.

అప్పుడు లోపల బిడ్డ కదిలింది. అదే మొదటిసారి. చేప తోకతో కొట్టినట్టు ఒక్క దెబ్బ.

నేను మోకాలు దించేశాను. ఎవరూ ఆపలేదు, వేళ చాలక కాదు, చెయ్యలేక కాదు. నాకు భయమేసింది. ఆ పిల్ల ఒంటికి నా బిడ్డను తాకించలేకపోయాను. నెహీ నా ముఖం చూసి పని అయిపోయిందనుకున్నాడు. మోసేవాళ్ళను కేక వేశాడు. వాళ్ళు వచ్చి మూత పెట్టారు. చెక్క మీద చెక్క పడిన చప్పుడు నా కడుపులో వినిపించింది.

బయటికి వచ్చాక నెహీ నా పక్కన నడుస్తూ, ఎవరికీ వినపడకుండా, "అన్నీ అయ్యాయా?" అన్నాడు.

"ఒకటి మిగిలింది."

"నాకు చెప్పకు. నేను వినలేదు" అని ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో నిద్ర లేదు. గుమ్మానికి వెల్లుల్లి కట్టాను, చచ్చినవాళ్ళకు తేనె చేదట, మంచం కోళ్ళకు అది రాశాను. మూడో రోజు కొంచెం నెత్తురు మైల కనపడింది. నాలుగో రోజు మళ్ళీ. మంత్రసాని వచ్చి, పడుకో, కదలకు అంది. ఆమెకు ఏం తెలుసు? బిడ్డ ఆ దెబ్బ తర్వాత మళ్ళీ కదల్లేదు. నేను చెయ్యి తియ్యకుండా కడుపు మీద పెట్టుకుని పడుకునేదాన్ని. కళ్ళు మూస్తే ఆ బంగారు ముఖం, దాని పెదవి వాచి ఉండేది.

ఆరో రోజు మా ఆయన ఒక మట్టి గిన్నె తడుముకుంటూ తెచ్చాడు.

"ఆ పిల్లకి ఉత్తరం రాద్దాం. అందరూ వాళ్ళ చచ్చినవాళ్ళకి రాసుకుంటారు కదా, మనం రాస్తే తప్పేంటి? రొట్టె పెట్టి గుడిలో ఇస్తే తింటూ చదువుకుంటుంది."

"చూపు లేదు, ఎవరు రాస్తారు?"

"నేను ఇసకలో పెద్దగా గీస్తా. నువ్వు గిన్నెలో చిన్నగా దించు."

వాకిట్లో ఇసుక చదును చేశాం. ఆయన వేలితో ఒక్కొక్క బొమ్మా గీశాడు, నేను కూర్చున్నచోటి నుంచే కుంచెతో దించాను. ఒక పూట పట్టింది. ఇసుకలో ఎక్కడైనా గీత చెరిగితే ఆగి అడిగాను, ఈసారి నా అంతట నేను ఏదీ కలపలేదు.

"ఏం రాశావయ్యా ఇంతసేపు?"

"ఏముంటుంది, క్షమించమని. తెలియక చేశామని."

సమాధి ముందు గుడిలో నెహీయే ఉన్నాడు. నన్ను చూడగానే చుట్టూ చూశాడు. గిన్నె తీసుకుని తిప్పుతూ చదివాడు. చదవడం అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇది రాసిన చెయ్యి ఎవరిది?"

"నాదే. ఆయన ఇసకలో గీస్తే దించాను."

"ఇందులో ఏముందో తెలుసా నీకు?"

"క్షమాపణ."

"కాదమ్మా" అన్నాడు. మొదటిసారి నన్ను అమ్మా అన్నాడు. గొంతు తగ్గించి చదివాడు: "రాజుగారి కూతురు మెరెత్‌నుబ్‌కి రాతగాడు రెస్సెనెబ్ చెప్పుకునేది. నీ పక్కనున్న పాముని నిండుగా రాసింది నా చెయ్యి. నా పెళ్ళాం ఆ పెట్టెని ముట్టుకోలేదు. నువ్వు కోపంతో లేచి ఎవరినైనా పట్టుకోవాలంటే, నా ఇంట్లో నన్నొక్కణ్ణే పట్టుకో. నేను గుమ్మం దగ్గరే పడుకుంటాను. లోపలికి రాకు."

ఆరు రోజులుగా ఆయన గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటున్నాడు. లోపల ఉక్కపోస్తోందని చెప్పాడు, నేను నమ్మాను.

నెహీ గిన్నె నా ముందు పెట్టాడు. "సిరా ఇంకా పచ్చిగానే ఉంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కావాలంటే నిజం రాసిస్తా, నీ పేరుతో. లోపల పెట్టేశానంటే మాత్రం ఇంక తియ్యడానికి లేదు. చచ్చినవాళ్ళు చదివింది చెరపలేం."

నీళ్ళ కుండ నా పక్కనే ఉంది. చెయ్యి కడుపు మీద ఉంది. నా పేరు రాస్తే నా పేరుతోపాటు నా కడుపులోది కూడా వెళ్తుంది. రాతగాడు రెస్సెనెబ్, పన్నెండేళ్ళు నన్ను ఒక్క మాట అనని మనిషి. వాళ్ళమ్మ నన్ను తిడుతుంటే లేచి బయటికి వెళ్ళి, తర్వాత నాకు ఖర్జూరాలు తెచ్చిచ్చేవాడు. ఆయన్ని నేను ప్రేమించాను. ఇది దాచుకునే మాట కాదు. నీళ్ళ కుండ వైపు చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

కొంగులో మూట కట్టుకొచ్చిన రొట్టె విప్పి, నా చేత్తోనే ఆ అక్షరాల మీద పెట్టాను. "పెట్టెయ్యండి" అన్నాను. నెహీ గిన్నె లోపలికి తీసుకెళ్ళాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకు తల ఎత్తాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చాను."

"నెహీ ఏమన్నాడు?"

"ఏమంటాడు? రాత బావుందన్నాడు."

ఆయన సంతోషపడ్డాడు. నీ చెయ్యి కుదిరిందే, పుట్టేది కొడుకైతే నువ్వే నేర్పొచ్చు అన్నాడు. ఆకలేస్తోందన్నాడు. రొట్టె, ఉల్లిపాయ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఎప్పటిలాగే ఆయన పక్కన కూర్చోబోయి, ఆగాను. లోపలికి జరిగి, అవతలి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

ఆయన రొట్టె తుంపి నాకు ఇవ్వడానికి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గాలిలో అటూ ఇటూ వెతికింది.

"ఏమే, అంత దూరంగా కూచున్నావు?" అన్నాడు.

"ఇక్కడ చల్లగా ఉంది" అన్నాను.